ఆరాం అన్నందుకు

రేకుపెట్టె గడప దాటి సందులోకి వచ్చేసింది. దాని మీద కొమురవ్వ కూర్చుంది. కొంగు నడుముకు బిగించి, చెప్పులు తొడుక్కుని, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది.

నవత చాయ్ గ్లాసు తెచ్చి అత్త ముందు నిలబడింది. కొమురవ్వ గ్లాసు వంక చూడలేదు. ఎదురింటి గోడ వంక చూసింది.

"అత్తమ్మా, చాయ్ చల్లారుతది."

"చల్లారనీ."

"ఎటు వోతున్నరో అదన్న చెప్పుండ్రి."

"కిమ్‌కు. సుమన తానకు. నాకు బిడ్డ లేదా, దానికి ఇల్లు లేదా?"

"మళ్ళెప్పుడొస్తరు?"

 లింబాయత్‌లో ఆ వేళకు ప్రతి సందూ మరమగ్గాల చప్పుడుతో ఊగుతుంటుంది. ఆ చప్పుడులో మాట వినబడలేదని తప్పించుకోవడం చాలా తేలిక. కొమురవ్వ ఆ పనే చేసింది.

నవతకు ఏం పాలుపోలేదు. డబ్బు గొడవ పోయిన వారంతోనే తీరిపోయింది. తోలు కుట్టే మిషన్ కొనాలని ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చారు. నిన్న సాయంత్రం దాకా అత్త నవ్వుతూనే ఉంది. ఉప్పుమూట వేడి చేసి ఆమె కుడి బొటనవేలికి కాపడం పెడుతుంటే, "మిషన్‌కు పసుపు బొట్టు వెట్టాలె, కొబ్బరికాయ గొట్టాలె, పక్కింటి లీలాబాయిని పిలిచి పేడా తినిపియ్యాలె," అని లెక్కలు చెప్పింది. అన్నాల దగ్గరికి వచ్చేసరికి మాట పడిపోయింది. తెల్లారేసరికి పెట్టె సర్దేసింది.

ఈ రెండింటి నడుమ తానేం అన్నదో నవతకు ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు.

అప్పుడే రాజు బండి సందు మలుపు తిరిగింది. జోల్వాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ చేసి వచ్చేవాడు ఎప్పుడూ నేరుగా నీళ్ళ కుండ దగ్గరికి పోతాడు. ఈవేళ పెట్టె అడ్డం వచ్చింది.

"ఏందే అవ్వా, పెట్టె బయట వెట్టినవ్?"

"ఇల్లు ఇరుకున్నది. మిషన్ వస్తున్నది గదా. దానికి జాగ గావాలె."

"మిషన్‌కు జాగ గావాలంటే మంచం తీస్తరు గని మనిషిని తీస్తరా?" రాజు నవ్వబోయాడు. తల్లి మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు. పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏమన్నవే అవ్వను?"

"నేనేమన్న? నువ్వే అడుగు."

"ఏమనకుంటెనే పెట్టె సర్దుతదా?"

"దాన్నేం అనకురా," అంది కొమురవ్వ గోడ వైపే చూస్తూ. "అదేం అనలే. అనే పిల్ల గాదది."

"మరి ఎందుకు వోతున్నవ్?"

"పోవాలనిపిచ్చింది. పోతున్న."

రాజు తల రెండు చేతులతో రుద్దుకున్నాడు. జుట్టులోంచి నూలు దుమ్ము రాలింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేక అనుకుంది నవత.

"మీ ఇద్దరి పంచాయితి మీరే తేల్చుకోండ్రి. జయంతీభాయ్ దుకాణం తెరిచేయాళ్ళైంది. నేను మొకం కడుక్కొని అటే వోత. ఆ బల్ల మిషన్ ఖాయం జేస్త."

"బల్ల మిషన్ వద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" నవత గొంతు లేచింది. "నాకు గొట్టం మిషన్ గావాలె."

"గొట్టం మిషన్ మెల్లగ నడుస్తది. బల్ల మిషన్ అయితే ఆటో సీటు కవర్లు గూడ కుడతది. రెక్సిన్, ఫోమ్, ఏది వడితే అది."

"మనకు సీటు కవర్లెందుకు? మనం కుట్టేది సంచులు."

"ఎందుకో ఒకందుకు!" అని అరిచి, తన అరుపు తనకే వింతగా తోచినట్టు ఆగిపోయి, రాజు లోపలికి వెళ్ళాడు. కాసేపటికి తడి మొహంతో బయటికి వచ్చి, ఇద్దరిలో ఎవరినీ చూడకుండా బండెక్కి పోయాడు.

కొమురవ్వ లేచి పెట్టె పిడి పట్టుకుంది. పెట్టె బరువుగా ఉంది. నవత చాయ్ గ్లాసు గడప మీద పెట్టి, ఇంటికి తాళం వేసింది. దుకాణంలో మిషన్‌ను పరీక్ష చేసి చూడాలని నిన్ననే సర్దుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, వచ్చి పెట్టె రెండో పిడి పట్టుకుంది.

"నువ్వెందుకు?"

"ఒక్కరే మొయ్యలేరు."

"నన్ను ఎల్లగొట్టనీకి గంత సంబురమా?"

"ఔ. చాన సంబురం. నడువుండ్రి."

ఇద్దరూ పెట్టెను చెరో వైపు మోసుకుంటూ సందు దాటారు. పెట్టె ఒకసారి అత్త వైపు ఒరిగింది, ఒకసారి కోడలి వైపు. ఒరిగినప్పుడల్లా రెండో మనిషి ఏమీ అనకుండా చెయ్యి ఎత్తింది.

* * *

స్టేషన్‌కు పోయే ఆటోలో వెనక సీటు మీద నలుగురు. పెట్టె కాళ్ళ మధ్య. మెంతికూర కట్టలు ఒళ్ళో పెట్టుకున్న గుజరాతీ ఆవిడ వీళ్ళిద్దరి మొహాలు మార్చి మార్చి చూసి ఆగలేకపోయింది.

"క్యా హువా మాసీ? కహా జా రహే హో?"

"కుఛ్ నహీ బేన్. బేటీ కే ఘర్. బహూ మేరేకు ఛోడ్నే ఆరీ."

"బహూ తో అచ్ఛీ లగ్‌తీ హై."

"అచ్ఛీ హై," అంది కొమురవ్వ నిట్టూర్చి. "వహీచ్ తో ముష్కిల్ హై."

కోడలు మంచిదవడమే చిక్కట! నవతకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని రోడ్డు చూసింది.

ఈ అత్తను వదిలి ఉండడం ఎలాగో ఆమెకు తెలియదు. పెళ్ళై వచ్చిన కొత్తలో నవతకు చీరలకు అంచులు కుట్టడం తప్ప మరో పని రాదు. తోలు పని ఇంట్లోకి తెచ్చింది కొమురవ్వే. లీలాబాయి దగ్గర కూర్చుని, రెండు సూదులతో ఒకే రంధ్రంలోంచి అటూ ఇటూ దారం లాగి కుట్టే కుట్టు నేర్చుకుంది. వజ్రాల దలాళ్ళు చొక్కా లోపల దాచుకునే చిన్న తోలు బటువాలతో మొదలుపెట్టింది. కోడలికి కొయ్యడం నేర్పింది. కులసంఘం వాళ్ళ పెళ్ళిలో దశరథం అనే మగ్గాలాయన పెద్దమనిషి తరహాలో, "పద్మశాలీల ఇంట్ల తోలు పనేంది కొమురవ్వా?" అన్నప్పుడు, అన్నం విస్తరి ముందే లేచి నిలబడి, "నీ సాంచ మీద నాడెను అటిటు కొట్టే పట్టా దేంతోని జేస్తరు దశరథం? తోలుతోని గాదా? దాన్ని దినాం ముట్టుకుంటనే గదా నువ్వు అన్నం తింటున్నవ్," అని అడిగింది. ఆ రోజు నవత తల ఎత్తుకుని నడిచింది.

ఇప్పుడు మహీధర్‌పురా వ్యాపారి గుండ్రటి అడుగున్న పెద్ద సంచులు కావాలన్నాడు. మందపాటి తోలు, నాలుగు పొరలు. అత్త బొటనవేలు ఆ పొరల్లోంచి సూది లాగలేక వాచిపోతోంది. రాత్రిళ్ళు ఆ వేలు పట్టుకుని నిద్రలో మూలుగుతుంది. మిషన్ ఆలోచన అక్కడే పుట్టింది.

రైలు పట్టాల కింద దారి దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు బస్సులు, లారీలు. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో కొమురవ్వ తనంతట తానే మాట్లాడింది.

"నిన్న ఉప్పుమూట వెడుతున్నప్పుడు ఏమన్నవో యాదికున్నదా?"

"ఏమన్న?"

"మిషన్ వచ్చినంక మీరు ఆరాం జెయ్యుండ్రి అత్తమ్మా అన్నవ్."

నవతకు గుర్తొచ్చింది. అన్నది. అవును, అన్నది. అన్నప్పుడు అత్త చెయ్యి తన చేతిలోనే ఉంది. ఎంత ప్రేమగా అన్నదంటే, అన్న సంగతే మరిచిపోయింది.

"వేలు నొస్తున్నదని అన్న అత్తమ్మా."

"ఎందుకన్నవో నాకు ఎరుకనే. ఎరుకుండుడు ఒకటి, చెవులకు ఇనవడుడు ఇంకోటి."

మెంతికూర ఆవిడ అర్థం కాకపోయినా కళ్ళు విప్పార్చి వింటోంది.

"మా అవ్వ కండెలు చుట్టేది," అంది కొమురవ్వ. "మా బాపు మగ్గం నేస్తే, అవ్వ రాట్నం ముందల కూసుండి కండెలు చుట్టేది. నేను కండ్లు తెరిచినప్పటి సంది గదే చూసిన. ఊళ్ళెకు సాంచాలొచ్చినయి. కండెలు చుట్టే మిషన్ గూడ వచ్చింది. మా అన్న మంచోడు. అవ్వా, ఇగ నువ్వు ఆరాం జెయ్ అన్నడు. ప్రేమతోనే అన్నడు, నీ లెక్కనే."

పెట్టె మూతను అరచేత్తో ఒకసారి తుడిచింది.

"అవ్వ గోడకు ఒరిగి కూసున్నది. పొద్దుందాక గట్లనే కూసునేది. ఎవలన్న వచ్చి ఏంజేస్తున్నవ్ అంటే, ఆరాం జేస్తున్న అని నవ్వేది. నవ్వేది గని చేతులు ఆగకపోయేటియి. ఒళ్ళె చేతులు వెట్టుకొని, దారం లేదు, రాట్నం లేదు, ఉత్తగనే తిప్పేది. చూడలేక నేను అవుతలికి వోయేదాన్ని. గా యేడే మంచం వట్టింది. మళ్ళ లేవలే."

నవత అత్త చేతుల వైపు చూసింది. అవి పెట్టె పిడిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనంత కోపం.

"అయితే నాకు చెప్పకుంట పెట్టె సర్దుకుంటరా? నేను గంత పరాయిదాన్నా?"

"చెప్తే నువ్వేమంటవో తెల్వదా నాకు? వద్దు అత్తమ్మా, మిషన్ వద్దు, చేత్తోనే కుడదాం అంటవ్. మహీధర్‌పురా పని వాపస్ జేస్తవ్. నా మొకం జూసి నీ పని ఆపుకుంటవ్. నీ పని ఆగొద్దు పిల్లా. నేను గోడకు ఒరగొద్దు. రెండు గావాలంటే ఎట్ల? అందుకే కిమ్. ఆడ సుమనకు ఇద్దరు పిల్లలు. చేతులకు పని ఉంటది."

ఆటో కదిలింది. స్టేషన్ ఇంకా రెండు మలుపులుంది. నవత ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టింది.

"భాయ్, యహీ రోకో."

"ఏందే, స్టేషన్ రాలే!"

"దిగుండ్రి."

"నేను దిగ. నాకు రైలు బండి ఉన్నది."

"కిమ్ బండ్లు పొద్దంత ఉంటయి. నేను ఏ మిషన్ అడిగిన్నో, ఎందుకు అడిగిన్నో ఒక్కపారి చూడుండ్రి. చూసినంక పోతనంటే నేనే టికెట్ తీసి ఎక్కిస్త. దిగుండ్రి అత్తమ్మా, జర."

కొమురవ్వ కదలలేదు. అప్పుడు మెంతికూర ఆవిడ, ఒక్క ముక్క అర్థం కాకుండానే, పెట్టెను కాలితో బయటికి నెట్టి, "ఉతర్ జావ్ మాసీ," అంది ఎంతో అనునయంగా.

* * *

జయంతీభాయ్ దుకాణం రింగ్‌రోడ్డు వెనక సందులో ఉంది. లోపల కొత్త మిషన్లూ, బాగుచేసిన పాత మిషన్లూ వరసగా నిలబడి ఉన్నాయి. నూనె వాసన. రాజు ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టెతో సహా దిగిన ఇద్దరినీ చూసి లేచి నిలబడ్డాడు. ఏమైందని మాత్రం అడగలేదు.

జయంతీభాయ్ ముందుగా బల్ల మిషన్ దగ్గరికి తీసుకుపోయాడు. చదునైన పెద్ద బల్ల, దాని మీద నల్లటి బరువైన మిషన్. తోలు ముక్కలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి కాలు నొక్కాడు. మూర పొడుగు కుట్టు కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

"చూసినవా?" రాజు మొహం వెలిగింది. "గుర్రం లెక్క ఉరుకుతది."

"ఉరికింది చూసిన," అంది నవత. "ఇప్పుడు గుండ్రంగ మలుగుడు చూపియ్యమను."

గుడ్డసంచిలోంచి సగం కుట్టిన తోలు సంచి తీసి ఇచ్చింది. జయంతీభాయ్ దాని గుండ్రటి అడుగును సూది కిందికి తేవడానికి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బల్ల అడ్డం వచ్చింది. చివరికి సంచి పక్కలను అణచి చదును చేసి కుట్టాడు. కుట్టు చక్కగానే పడింది. కొమురవ్వ చెయ్యి చాచి సంచి తీసుకుంది. పక్కన పడిన గీతను బొటనవేలితో రుద్దింది. ఇంకోసారి రుద్దింది.

"మడత వడ్డది. బట్ట అయితే ఇస్త్రీ జేస్తె వోతది. తోలు మీద వడ్డ మడత వోదు."

రాజు తల పక్కకు తిప్పుకున్నాడు.

రెండో మిషన్‌కు బల్ల లేదు. లావాటి గొట్టం ఒకటి గాల్లోకి చెయ్యి చాపినట్టు ముందుకు వచ్చి ఉంది. దాని కొస మీద సూది. జయంతీభాయ్ సంచిని ఆ గొట్టానికి తొడిగాడు. సంచి అంగీ చేతిలా లోపలికి ఎక్కింది. చుట్టూ తిప్పుతూ కుట్టాడు. ఎక్కడా అణచలేదు, మడవలేదు. పైనుంచి పాదం, నడుమ సూది, కింద పళ్ళు మూడూ కలిసి తోలును ముందుకు నడిపిస్తాయని, అందుకే నాలుగు పొరలు పెట్టినా ఒక పొర జారదని వేళ్ళతో చూపించాడు.

"మాసీ, ఏక్ బాత్ బోలూ?" అన్నాడు కొమురవ్వ వైపు తిరిగి. "యే బేన్ ఇత్నీ బార్ ఆయీ. హర్ బార్ ఏక్ హీ సవాల్. ధీరే చలేగీ క్యా? ఏక్ ఏక్ టాంకా లేకే రుకేగీ క్యా? మైనే పూఛా, సబ్ లోగ్ తేజ్ మాంగ్‌తే హై, తుమ్ ధీరే క్యోం మాంగ్‌తీ హో? బోలీ, మేరీ సాస్ బైఠేగీ."

అందరూ వేగం అడుగుతుంటే, నెమ్మదిగా, ఒక్కో కుట్టుకూ ఆగుతూ నడిచే మిషనే కావాలని, దాని మీద తన అత్త కూర్చుంటుందని నవత వచ్చిన ప్రతిసారీ చెప్పిందట. కొమురవ్వ కోడలి వైపు చూసింది. నవత ఒక తోలు ముక్క తీసుకుని దాని అంచులు చూస్తోంది.

"నన్ను కూసోవెడతవా దీని మీద?"

"మరెవరిని?"

"ఆరాం అన్నవ్ గదనే!"

"వేలుకు ఆరాం అన్న! మనిషికి అన్ననా?"

కొమురవ్వ చెప్పులు విడిచి స్టూలు మీద కూర్చుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని కాలు పెట్టింది. మిషన్ బర్రుమని ఉరికింది. ఆమె రెండు చేతులూ, రెండు కాళ్ళూ ఒకేసారి పైకెత్తి, "అవ్వో!" అంది. నవత పడిపడి నవ్వింది. పొద్దుటి నుంచీ మొదటిసారి రాజు కూడా నవ్వాడు.

జయంతీభాయ్ మోటర్ మీద చిన్న బిళ్ళ తిప్పి వేగం తగ్గించాడు. ఈసారి టక్కుమని ఒక కుట్టు పడి ఆగింది. ఇంకొకటి. ఇంకొకటి. కొమురవ్వ పెదవులు బిగించి, సంచిని మెల్లగా తిప్పుతూ సగం చుట్టు కుట్టింది. తరవాత దాన్ని ఊడదీసి, తిరగేసి లోపలి వైపు చూసింది.

"కింది దారం ఒదులున్నది. బిగియ్యమను."

జయంతీభాయ్ బిగించాడు. ఆమె మిగతా సగం కుట్టి మళ్ళీ తిరగేసి చూసింది. తల ఊపింది.

"అయితే ఒక మాట," అంది. "పట్టీలు అతికే మూలల కాడ మిషన్ కుట్టు చాలది. బరువంత ఆడనే వడతది. ఒక్క దారం తెగితే వరుసంత ఊడుతది. మూలలు నేను చేత్తోనే కుడత. వేలు నొచ్చినా సరే."

"కుట్టుండ్రి. మూలలు మీరే, మిషనూ మీరే."

"మిషన్ మీద నువ్వు గూసో. నాకు మూలలు చాలు."

"నేను గూసుంటే కోసేదెవరు? మహీధర్‌పురా తిరిగేదెవరు?"

"పొద్దటిపూట కొయ్యి, మాపటికి గూసో. నీకు గొట్టం మిషన్ కావాలని మొండికేసినవ్ గదా!"

"మీ కోసం మొండికేసిన!"

"నా కోసం ఎవరడిగిన్రే నిన్ను?"

"అవ్వా," అన్నాడు రాజు.

ఆ గొంతు విని ఇద్దరూ ఆగారు.

"అరవై దాటిన మనిషివి. పొద్దంత మిషన్ మీద కూసుంటవా? నడుము ఉంటదా? మనకు ఉరికే మిషన్ గావాలె. మీ ఇద్దరి మోజు కోసం తీస్కునేది గాదు ఇది. దీని మీద ఇల్లు నడవాలె."

"ఇల్లు నడుస్తనే ఉన్నది గదరా," అంది కొమురవ్వ. "సాంచాల మీద నువ్వు, సంచుల మీద మేము. నీకెందుకురా గంత ఉరుకుడు?"

రాజు కిందికి చూశాడు. నవత భర్త వైపు చూసింది. సంచి మీద మడత పడినప్పుడు అతను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నచ్చక కాదు. చెప్పడానికి ఓపిక లేనట్టు ఉన్నాడు.

"ఇదే ఖాయం," అంది కొమురవ్వ జయంతీభాయ్‌తో, స్టూలు మీంచి లేచి గొట్టం మీద అరచెయ్యి వేసి. "యహీచ్ దేవ్ భాయ్." కోడలి చెవి దగ్గరికి వంగి, "సుమనకు ఫోన్ జేసి చెప్పు, ఈ వారం రానని," అంది మెల్లగా. నవత ఆ మాటకు తల తిప్పేసుకుని కళ్ళు తుడుచుకుంది.

జయంతీభాయ్ సంతోషంగా పానా తీసుకుని మిషన్ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చునే మనిషి ఎత్తును బట్టి కాళ్ళు పైకో కిందికో జరిపి బోల్టులు బిగించాలి. ఎత్తు కుదరకపోతే మెడలు పట్టేస్తాయన్నాడు.

"బైఠేగా కౌన్?"

కొమురవ్వ కోడలిని చూపించింది. నవత అత్తను చూపించింది. ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి.

రాజు వచ్చి, తల్లి పక్కనున్న స్టూలు ముందుకు లాక్కుని మిషన్ ముందు కూర్చున్నాడు.

"నా ఎత్తుకు బిగియ్యమను," అన్నాడు.

"నువ్వేంది రా?"

"సేఠ్ సాంచాలు అమ్మేసిండు అవ్వా. తుక్కు కింద అమ్మిండు. మొన్న లారీలకు మేమే ఎక్కిచ్చినం." అతని గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉంచడానికి అతను పడుతున్న పాటు నవతకు కనిపించింది. "కొత్తయి వెడతడట. గా మిషన్లకు గింతమంది అక్కరలేదట. నన్ను రావద్దన్నడు."

"మొన్ననా?" అంది నవత. "మరి నిన్న రాత్రి పనికి వోయినవ్ గదా?"

రాజు మిషన్ గొట్టం మీద వేలితో గీతలు గీశాడు.

"ఏడున్నవ్ రాత్రంత?"

"కడోదరా బస్టాండ్ల కూసున్న. ఇంటికొచ్చి ఏమని చెప్పాలె? మీరిద్దరు మిషన్ మిషన్ అని సంబురం మీదున్నరు." తల ఎత్తకుండానే అన్నాడు. "బల్ల మిషన్ అయితే సీటు కవర్లు కుట్టుకుంట బతుకుత అనుకున్న. సంచుల పని మీది. మీ పనిల నేను చెయ్యి వెట్టొద్దనుకున్న. సాంచ మీద పదిహేనేండ్లు నిలవడ్డ, సూది ఎట్ల వట్టాల్నో గూడ తెల్వదు నాకు. నేర్పుతరా? నాతోని అయితదా?"

కొమురవ్వ కొడుకు జుట్టులో ఇంకా చిక్కుకుని ఉన్న మొన్నటి నూలుపోగును తీసింది. ఇంకా ఉన్నాయేమోనని వెతుకుతున్నట్టు అక్కడే చెయ్యి ఉంచేసింది.

నవత రెండు మిషన్ల వైపు చూసింది. ఒకటి అత్త కోసం తాను ఇన్నాళ్ళూ వెతికి వెతికి పట్టుకున్నది. ఇంకొకటి భర్త నోరు విప్పి చెప్పలేక, అరిచి అడిగినది. కొనగలిగింది ఒక్కటే. రెండు పనులూ చేసే మిషన్ జయంతీభాయ్ దుకాణంలో లేదు, బహుశా ఏ దుకాణంలోనూ ఉండదు.

"బోలో బేన్," అన్నాడు జయంతీభాయ్ నేల మీది నుంచి, ఏం జరిగిందో, ఏ మిషన్ బిగించాలో అర్థం కాక. "యే వాలీ కసూ, యా వో వాలీ?"

తల్లీ కొడుకూ ఇద్దరూ ఆమె వైపే చూశారు.

నవత వెళ్ళి భర్త ఎదురుగా, నూనె మరకల నేల మీద గొంతుక్కూర్చుంది.

"నిన్నటి సంది ఏమన్న తిన్నవా?" అని అడిగింది.

రాజు లేదని తల ఊపాడు. ఊపుతూనే ఏడ్చేశాడు. జయంతీభాయ్ పానాను గొట్టం మిషన్ బోల్టు మీద అలాగే ఉంచి, చేతులు తుడుచుకుని, చాయ్ చెప్పడానికని బయటికి పోయాడు.